కండ కరుగకుండ క్రొవ్వు తగ్గుట

శివరాత్రి తిరునాళ్లకు మహానంది వచ్చినవారు బండలాగుడు పందెములు చూచియుందురు. పందెపుటెద్దును ఎవ్వడును పస్తుంచడు. ఉలవలు పెట్టి, నానాటికి కొంచెము హెచ్చు బరువు లాగించును. మన విషయమున ఈ తెలివి మఱతుము. పొట్ట పెరిగినదని వైద్యుడనగానే ఒంటిపూట భోజనమునకు దిగుదుము.

ఉత్త పస్తులతో తగ్గిన నాలుగు కిలోలలో ఒక కిలో కండయే కావచ్చును. అఱువదియేండ్లు దాటిన కండ తనంతటనే త్వరగ తరుగును. దానికి పస్తు తోడైనచో కోనేటి మెట్లెక్కుటకే చేయూత వలయును. బరువెత్తు కండతో పనియున్నదని శరీర మెఱుగును. దానిని నిలుపుకొని, క్రొవ్వునే హెచ్చుగ కరగించుకొనును.

1990లో అమెరికాలోని బోస్టనులో తొంబదియేండ్ల వృద్ధులచే ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించిరి. వారి కాలిబలము రెట్టింపునకు మించెను!

వారమునకు రెండుమూడు నాళ్లు ఇసుకసంచి రొమ్మున కానించుకొని, ఎత్తుపీటపై కూర్చుండి లేవుడు. పదిమార్లు సులువైనచో ఇంకొక దోసె డిసుక పోయుడు. ఊపిరి బిగబట్టరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు ముందుగ వైద్యు నడుగవలెను. తగ్గింపవలసినవి అన్నము, నెయ్యి. పప్పు, ఉలవలు, మజ్జిగ కావు. ఎద్దుల తిండియని ఉలవలను చిన్నచూపు చూచువారు మనలో ఇంకను గలరు. మూత్రపిండముల వ్యాధి గలవారికి మాత్రము పప్పు ఎంతయో వైద్యుడే చెప్పవలెను.