హ్యాండ్‌బ్రేక్ తీగ కథ

జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారులో వాలుగా ఉన్న ఒక సందులో మా పాత మారుతి 800 ఆపి హ్యాండ్‌బ్రేక్ లాగాను. టక్కు టక్కుమంటూ పది పళ్లు దాటింది, లివరు దాదాపు నిలువుగా లేచింది. అయినా బండి మెల్లగా వెనక్కి జారింది. గేరులో వేసి, చక్రం వెనక ఇటుక పెట్టి దిగాను. నాలుగు నెలల కిందే ఒక షెడ్డులో లివరు దగ్గరి నట్టు బిగించారు. మళ్లీ అదే కథ.

మాకు తెలిసిన మేస్త్రీ వాళ్ల తాతగారు స్టీలు కంపెనీ పనికని శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చారు. మూడు తరాలైనా ఇంట్లో ఆ యాస పోలేదు. నేను పానా తీయబోతే మేస్త్రీ ఆపాడు. "నట్టు మీద సెయ్యెయ్యకు బావూ. ముందు సక్రం లేపి తిప్పి సూడు."

తీగ పని అంతా ఆ మాటలోనే ఉంది. లివరు లాగితే తీగ లాగుతుంది. అది వెనక డ్రమ్ములోని చిన్న లివర్ని కదిపితే, రెండు షూలు విచ్చుకుని డ్రమ్ముకి అదుముకుంటాయి. లైనింగు అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందునే మనం తీగ వదులైందనుకుంటాం. నట్టు బిగిస్తే లివరు కిందికి దిగినట్టే కనిపిస్తుంది కానీ, డ్రమ్ములోని చిన్న లివరు తన చోటికి పూర్తిగా వెనక్కి వెళ్లదు. దాంతో అరుగుదలకు తగ్గట్టు షూలను జరిపే ఏర్పాటు సరిగ్గా పనిచేయదు. మరీ బిగిస్తే షూలు రాసుకుంటూనే ఉంటాయి, డ్రమ్ము వేడెక్కుతుంది. అందుకే ముందు షూలు సర్దాలి, తీగ తర్వాత.

ఈ తీగకూ ఒక చరిత్ర ఉంది. ఇనప గొలుసులో ఒక్క లంకె విరిగితే చాలు, మొత్తం తెగుతుంది. జర్మనీలోని హార్జ్ గనుల్లో ఈ ప్రమాదాలు చూసి చూసి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో ఇనప తీగలను పేని తాడు చేశాడు. ఒక తీగ తెగినా మిగతావి బరువు మోస్తాయి. అంటే తెగబోయే ముందు తాడే హెచ్చరిస్తుంది. ఆ తాడుని వంపుల్లోంచి నడిపించే ఉపాయానికి ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. సైకిలు బ్రేకులకు వాడిన ఆ తీగే కార్లలోకీ వచ్చింది. నన్ను ముచ్చటపరిచేది అందులోని తొడుగు. లోపలి తీగను లాగినప్పుడు, అంతే బలంతో తొడుగు నొక్కుకుంటుంది. తొడుగు కుంగిపోయేదైతే ఎంత లాగినా చక్రానికి ఏమీ అందదు.

మా ఊరిదీ ఉక్కు కథే. సాక్చి పల్లెను ఉక్కు కర్మాగారం కోసం ఎంచుకుంది 1907లో. తొలి ఉక్కు కడ్డీ 1912 ఫిబ్రవరి 16న వచ్చింది. 1920లో ఇదే ఊళ్లో ఇండియన్ స్టీల్ అండ్ వైర్ ప్రాడక్ట్స్ పుట్టింది. ఉక్కు కడ్డీని అచ్చుల్లోంచి లాగి సన్నం చేయడమే తీగ తయారీ. మా బండి తీగ ఏ ఉక్కుదో గానీ, ఈ ఊళ్లో కూర్చుని దాన్ని చేతిలో పట్టుకుంటే మాత్రం పరాయి వస్తువనిపించలేదు.

మేస్త్రీ చెప్పినట్టే వెనక చక్రాలు లేపి, స్టాండ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి చేత్తో తిప్పాం. కుడిది తేలిగ్గా తిరిగింది, ఎడమది గరగరమంది. డ్రమ్ము విప్పితే లోపల నల్లటి దుమ్ము. దాన్ని నోటితో ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచాడు. షూలను జరపాల్సిన చిన్న పళ్ల ముక్క తుప్పుతో బిగుసుకుపోయింది. ఆపైన ఎడమ తీగ. తొడుగు మీది నల్ల ప్లాస్టిక్ వేలెడు మేర చీలింది. అందులోంచి నీళ్లు దిగి, స్ప్రింగులా చుట్టిన ఉక్కు పట్టీ ఎర్రగా పొరలు రేగింది. లోపలి తీగ పోగుల్లో మూడు తెగి ముళ్లలా లేచాయి. గ్రీజు పెట్టి గడిపేయొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోగులు తెగిన తీగని బతికించకూడదు, రెండో మాట లేదు.

కొత్త తీగలు జతగా వేశాడు. నట్టు పూర్తిగా వదులు చేసి, షూలు సర్ది, చివరికి నట్టు కొద్దిగా తిప్పాడు. లివరు ఆరో పంటి దగ్గర గట్టిగా నిలిచింది. వదిలేసి తిప్పితే రెండు చక్రాలూ చప్పుడు లేకుండా తిరిగాయి. కొత్త తీగ కాస్త కుదురుకుంటుంది, వారం తర్వాత మళ్లీ చూడాలన్నాడు. ఇంటికెళ్లి రెండు డ్రమ్ముల మీదా చెయ్యి పెట్టి చూశాను. ఒకే వెచ్చదనం.