ఆడపిల్ల పుడితే తప్పు తల్లిదా?

1905లోనే తేల్చి చెప్పిన పిండిలో పురుగు

కోడలికి మూడో కాన్పు. మళ్ళీ ఆడపిల్లే. పురిటి మంచం దగ్గరే అత్తగారి సణుగుడు మొదలవుతుంది. "దీని కడుపున మగపిల్లవాడు పుట్టే రాత లేదు" అంటారు వచ్చిన చుట్టాలు. కొన్ని ఇళ్ళలో కొడుక్కి రెండో పెళ్ళి మాట కూడా లేస్తుంది. ఇలాంటి మాటలు మన పల్లెలకు కొత్త కావు. అయితే పుట్టేది ఆడో మగో తేల్చడంలో తల్లి ప్రమేయం లేదని శాస్త్రజ్ఞులు ఏనాడో కనిపెట్టారు. దానికి దారి చూపినది ఒక స్త్రీ. ఆమెకు సాక్ష్యమిచ్చినది ఒక పురుగు!

వడ్రంగి కూతురు

ఆమె పేరు నెట్టీ స్టీవెన్స్. 1861లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వడ్రంగి ఇంట జన్మించారు. చాలాకాలం బడిలో పంతులమ్మగా పనిచేసి, 35వ ఏట విశ్వవిద్యాలయంలో చేరారు. 1903లో పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలలో డాక్టరేటు పొందారు.

గర్భం నిలిచే తీరు అప్పటికే కొంత తెలిసింది. 1875లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రంలో దొరికే ఒక ముళ్ళ ప్రాణి గుడ్లను సూక్ష్మదర్శినిలో చూశారు. తండ్రి కణం గుడ్డులోకి చొరబడటం, రెండింటి కేంద్రకాలు ఒకటి కావడం గమనించారు. కాని ఆ పిండం ఆడదో మగదో ఎప్పుడు తేలుతుంది? తల్లి తిండిని బట్టి అని కొందరు, వేడిమిని బట్టి అని కొందరు వాదించేవారు.

ఇరవయ్యోది చిన్నది

స్టీవెన్స్ పరీక్షించిన వాటిలో నిలవ పిండిలో, తవుడులో పెరిగే పురుగు ఒకటి. చేలో పైరుకు పట్టే పిండినల్లి వేరు, ఇది వేరు. ప్రాణుల కణాల్లో దారప్పోగుల వంటి క్రోమోజోములు ఉంటాయి. వంశ లక్షణాలను మోసేవి అవే. ఆడ పురుగు కణంలో ఆమె లెక్కిస్తే 20 పెద్ద క్రోమోజోములు కనిపించాయి. మగ పురుగు కణంలో 19 పెద్దవి, ఒకటి చిన్నది.

బిడ్డకు తల్లి సగం, తండ్రి సగం ఇస్తారు. తల్లి అండాలన్నీ ఒక్క తీరే, పదీ పెద్దవే. తండ్రి వీర్యకణాలు మాత్రం రెండు రకాలు. సగం వాటిలో పదీ పెద్దవి. తక్కిన సగంలో తొమ్మిది పెద్దవి, ఒకటి చిన్నది. చిన్నది ఉన్న కణం అండాన్ని చేరితే మగ పురుగు, లేకుంటే ఆడ పురుగు.

1905లో ఈ సంగతి అచ్చయింది. ఆ రోజుల్లోనే ఎడ్మండ్ విల్సన్ అనే మరో అమెరికా శాస్త్రజ్ఞుడు కూడా వేరే పురుగుల్లో ఇటువంటిదే చూశారు. పేరు ఎక్కువగా ఆయనకే దక్కింది. స్టీవెన్స్ 1912లో 50 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో స్వీడన్‌లో లెక్క తేలింది. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడబిడ్డ, వై వస్తే మగబిడ్డ. ఆవులు, గేదెలు, మేకల్లోనూ ఇదే పద్ధతి. కోళ్ళలో మాత్రం తారుమారు. పిల్ల పుంజో పెట్టో తేల్చేది తల్లి గుడ్డే.

నెల తప్పక ముందే

అండం, వీర్యకణం కలిసేది గర్భసంచి పక్కనున్న నాళంలో. అలా ఏర్పడిన ఒక్క కణం రోజు గడిచాక రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతాయి. అయిదో రోజుకు లోపల బోలుగా ఉన్న చిన్న ఉండ తయారవుతుంది. ఆరేడు రోజులకు అది గర్భసంచి గోడకు అంటుకుంటుంది. నెల తప్పిన సంగతి తల్లికి తెలిసేది మరో వారానికి.

ఆడో మగో అన్నది ఆ మొదటి కణం నాడే తేలిపోయింది. తర్వాత ఏ పసరు మింగినా, ఏ వేరు నూరి తాగినా మారదు. పైగా ఏ మందో తెలియకుండా మింగితే కడుపులో బిడ్డకే ముప్పు.

అలాగని భర్తను నిందించడమూ తగదు. ఏ కణం ముందు చేరుతుందో అతని చేతిలో లేదు. అది బొమ్మా బొరుసూ వంటిది. ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఇంట నాలుగో కాన్పులోనూ అవకాశం దాదాపు సగం సగమే.

చట్టం ఏమంటుంది?

కడుపులో ఉన్నది ఆడో మగో పరీక్షించి చెప్పడాన్ని 1994లో చేసిన చట్టం నిషేధించింది. 1996 నుంచి అది అమలులో ఉంది. చెప్పిన డాక్టరుకే కాదు, చెప్పమని అడిగిన ఇంటివారికి కూడా మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. గర్భిణిని భర్త, బంధువులే బలవంతపెట్టి ఉంటారని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది వారే.

పురిటింట బాలింతకు కావలసినది వేళకు తిండి, విశ్రాంతి, నాలుగు మంచి మాటలు. ఆమె చేయని తప్పుకు ఆమెను నిలదీయడం ఇకనైనా మానాలి.