జారుడు దీపం వెలిగితే

వినుకొండ ప్రాంతపు నల్లరేగడి వానకు తడిస్తే మన కాలే నిలవదు, కారు చక్రం ఏం నిలుస్తుంది? అందుకే చాలా కొత్త కార్లలో స్టీరింగు ఎదుట ఒక దీపం ఉంటుంది: కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు. ఇంజను స్టార్టు చేయగానే వెలిగి ఆరిపోతుంది. దారిలో మిణుకుమిణుకుమంటే కంగారుపడకండి. పట్టు తప్పి ఊరికే తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గిస్తున్నదన్నమాట. మీరు యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేస్తే చాలు.

ఆరకుండా వెలుగుతూనే ఉంటే, ముందు దాని బటను ఎవరైనా నొక్కారేమో చూడండి (పిల్లలు ఊరుకోరు గదా!). కాకుంటే చక్రం దగ్గరి సెన్సారుకు మట్టి పట్టిందో, వైరు తెగిందో మెకానిక్కుకు చూపించాలి. తోడుగా ఏ.బి.ఎస్. దీపం కూడా వెలిగిందా, ఆ వానలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని బయలుదేరవద్దు. పొలం డొంకలో చక్రం దిగబడినప్పుడు మాత్రం ఆ బటను ఆపి, నెమ్మదిగా బండిని బయటికి తీసి, రోడ్డెక్కగానే మరల వేయండి.