అంత్యాక్షరియందు రేఫసంకటము

కర్నూలు కడప సీమల పాఠశాలలలో బాలురకు పద్యధారణ మలవడుటకు అంత్యాక్షరిని మించిన యుపాయము లేదు. ఒక పక్షమువారు చదివిన పద్యము ఏ హల్లుతో ముగియునో, ఆ హల్లుతో మొదలగు పద్యమును రెండవ పక్షమువారు వెంటనే చదువవలెను. గుణింతభేదమును సాధారణముగా పాటింపరు. 'తీ' తో ముగిసినచో 'త' గుణింతములో నేదైనను చాలును. తోచక నిలిచినవా రోడినట్లు. ఓటమికి బాలుని ధారణలోపమే హేతువని మనము తలచుచుందుము. అందు సగపాలు దోషము బాలునిది గాక, మన శతకములయొక్కయు మన భాషయొక్కయు స్వభావమువలన కలుగుచున్నదని చూపుట కీ వ్యాసము వ్రాయబడినది.

బడులలో కంఠస్థమగునవి ప్రాయికముగా శతకపద్యములు. శతకమునకు మకుటము ప్రాణము. అంత్యాక్షరికి వచ్చునప్పటి కా ప్రాణమే బంధమగుచున్నది. వేమన పద్యము లెన్ని చదివినను అవి 'వేమ' యని మకారముతోనే ముగియును. సుమతిశతకము తకారముతోను, దాశరథిశతకము ధకారముతోను, కృష్ణశతకము ణకారముతోను ముగియును. భాస్కరశతకము, శ్రీకాళహస్తీశ్వరశతకము, నరసింహశతకము - ఈ మూడును రేఫతో ముగియును. అనగా నూఱేసి పద్యములు గల గ్రంథము నుండి ప్రతిపక్షమునకు లభించు నక్షర మొక్కటియే. ఇందు మకారతకారములు విశాలమైన ద్వారములు. వానితో మొదలగు తెలుగు పదములు కొల్లలు. ధకారమునకు తత్సమములే శరణ్యము. ణకారముతో మొదలగు పదమే లేదు. మిగిలినది రేఫ. మూడు ప్రసిద్ధశతకములు దానివైపే త్రోయుచుండగా, రేఫాదిపద్యములు మాత్రము బాలుని జ్ఞప్తియందు మిక్కిలి కొలది.

ఇట్లేల యుండవలె నన్న ప్రశ్నమునకు భాషాచరిత్రయే సమాధానము. ద్రావిడభాషలలో మొదట రేఫ పదాదిని నిలువదు. తమిళులు రామశబ్దమును గైకొన్నప్పుడు సైతము ముందొక ఇకారమును చేర్చి ఇరామన్ అని వ్రాసిరి. తెలుగున పదాదిరేఫ వర్ణవ్యత్యయమువలన పుట్టినది: తమిళమున ఇరండు మనకు రెండు; ఉరల్ అనునది రోలు; ఇరవు అనునది రేయి; ఇఱక్కై అనునది ఱెక్క. ఈ విధముగ నేర్పడిన దేశ్యపదములు ఇల్లు గడుపుటకు చాలును గాని పద్యముల నెత్తుకొనుటకు చాలవు. కావున ఆటగాండ్రు రామ, రాజ, రస ఇత్యాది తత్సమముల నాశ్రయింతురు. పై ఱెక్క, ఱాయి మొదలగు వానిని శకటరేఫముతో వ్రాయు సంప్రదాయ మున్నది. ప్రాచీనులు రేఫద్వయమును వేఱుగా పాటించిరి. ఉచ్చారణమున నేడు భేదము లేదు గనుక, ఆటలో వానిని వేఱుపఱచి ఉన్న కొలది ధనమును పంచివేయుట తగదు.

ఈ సంకటము మనకే పరిమితము గాదు. జపానుదేశమున షిరితోరి యను పదక్రీడ గలదు. అందు పదము యొక్క తుది యక్షరముతో వేఱొక పదము చెప్పవలెను. పదాంతమున నిలుచు నకారపు పొల్లుతో ముగియు పదము పలికినవా రోడుదురు; ఏలయన దానితో నే పదమును మొదలు గాదు. ఆ భాషయందును దేశ్యపదములు రేఫతో నారంభము గావు. అందుచేత నేర్పరులు 'రు' తో ముగియు పదములనే పలుమాఱు విసరి ఎదుటివారిని చిక్కున బెట్టుదురు. పదుమూడవ శతాబ్దిలో ఫుజివారా నో తైకా కూర్చినదని ప్రసిద్ధమైన 'హ్యాకునిన్ ఇష్షు' అను నూఱు పద్యముల సంకలనమున రేఫాదిపద్య మొక్కటియు లేదు. ఆ నూఱింటితో వారు ఆడు కరుత యను చీట్లాట మన పండితులు విన దగినది. చదువరి పద్యమును మొదటినుండి చదువును. చీటిపై నుత్తరార్ధము మాత్రముండును. మొదటి యక్షరములు వినినంతనే ఆ చీటిని తాకవలెను. ము, సు, మె, ఫు, స, హో, సె అను నేడక్షరములలో నొక్కొక్కదానితో నొక్కొక్క పద్యమే మొదలగును గాన, ఆ యక్షరము చెవిని బడగనే చేయి చాపవచ్చును. అకారముతో మొదలగునవి పదునాఱు. అక్కడ మఱికొన్ని యక్షరముల వఱకు వేచియుండవలెను. ఇట్లు పద్యమును తేల్చి చెప్పు మొదటి యక్షరసముదాయమును వారు 'కిమరిజి' యందురు.

మన వేమన పద్యముల విషయమున ఈ యాద్యక్షరప్రాధాన్యము ఆటకే గాక పరిశోధనమునకును వర్తించును. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యములు గల వ్రాతప్రతులను సేకరించి, 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ప్రకటించెను. అన్నింటి తుదయు నొక్కటే యగుటచే, ఒక పద్య మిదివఱకే లెక్కకు వచ్చెనో లేదో తెలియుటకు మొదటి యక్షరమే ఆధారము. పాఠభేదమువలన మొదటి పదము మాఱినచో నొకే పద్యము అకారాదిసూచికలో రెండుచోట్ల జేరును. పద్యసంఖ్యలను గూర్చి వాదించువారు దీనిని మఱువరాదు.

ఉర్దూ వాడుక గల కర్నూలు కడప పట్టణములలో మన యంత్యాక్షరికి తోబుట్టువు వంటి బైత్‌బాజీని గూడ గమనింపవలెను. అందు ద్విపద వంటి షేరు తుదియక్షరము ననుసరించి మఱియొక షేరు చదువుదురు. వారి 'హై' మొదలగు క్రియాపదములు 'యే' యను నక్షరముతో ముగియుటచే ఆ యక్షరమే మాటిమాటికి వచ్చును. యాద్, యార్, యహ్ అని మొదలగు షేరులను ఆటగాండ్రు ముందే కూడబెట్టుకొందురు. మన బాలురకు రామశబ్ద మెట్లో వారికి యాద్ అట్లు.

మకుటమును విడిచి, దానికి ముందున్న యక్షరమును గ్రహింపుమని కొంద ఱనవచ్చును. వేమన పద్యమున మూడవ పాదాంతమును, భాస్కరశతకమున భాస్కరశబ్దమునకు ముందరి యక్షరమును గైకొనుట యన్నమాట. ఇది మేలైన మార్గమే. ఒకే శతకమునుండి పలు హల్లులు వెలువడును. కాని దీనితో సర్వము చక్కబడునని భ్రమపడరాదు. డుమువులు ప్రథమావిభక్తి యని ప్రతిబాలుడును వల్లించును గదా. ఆ నాలుగింటినే పరీక్షింపుడు. ము, వు లతో ముగిసిన మకారవకారములకు పద్యములు సమృద్ధి. డు, లు లతో ముగిసినచో? డకారముతో మొదలగునవి డప్పి, డాగు, డాయు వంటి కొలది పదములు. లకారమును పదాదిని అరుదే. గౌరవబహువచనపు 'రు' మరల రేఫకే చేర్చును. మన భాష ఏ హల్లులతో పదములను తఱచుగా ముగించునో, వానిలో సగమింటితో పదములను మొదలుపెట్ట నొల్లదు. పాదాంతమును గైకొన్నచో రేఫసంకటము తగ్గునే గాని, డకారలకారసంకటములు క్రొత్తగా తలయెత్తును. అయినను ఒక్క మార్గము మూసికొనుటకంటె మూడు మార్గములు ఇఱుకగుట నయము. ఏలయన, అప్పుడు బాలు డొక్క రామశబ్దమునకే వ్రేలాడక వెదుకును.

శకారముయొక్క గతి దీనికి విపరీతము. మంగళార్థము శతకకర్తలు శ్రీకారముతో నారంభింతురు గావున సుమతి, భాస్కర, దాశరథి, కృష్ణ, కాళహస్తీశ్వర, నరసింహశతకముల మొదటి పద్యములన్నియు 'శ్రీ' తోనే యెత్తుకొనబడినవి. బాలుడు మొట్టమొదట నేర్చున దా పద్యమునే. శకారముతో ముగియు పద్యము మాత్రము దొరకదు. కావున అందఱకు బాగుగ వచ్చిన పద్యమును ఆటలో జదువు నవకాశ మెవ్వరికిని రాదు! ఆట నారంభించు పక్షమునకు శ్రీకారపద్యమును విధించుట యొక్కటే దీనికి దారి.

ణకారళకారముల కేమి చేయవలెను? కొన్ని బడులలో ణకారమునకు నకారమును, ళకారమునకు లకారమును గైకొనుచున్నారు. ఇది ఉపాధ్యాయుని దయాదాక్షిణ్యము గాదు. ఛందశ్శాస్త్రమున నణలకును లళలకును యతిమైత్రి చెల్లును. అయితే ఇదే యుక్తితో శకారమునకు సకారచకారములను దెచ్చుట తగదు. ఆ యక్షరములకు తమవైన పద్యములున్నవి. పదాదిని రానే రాని హల్లునకు మాత్రమే మిత్రాక్షరమును వాడవలెను. రేఫ పదాదిని వచ్చును గనుక, ఎంత యిడుమైనను దాని కీ మినహాయింపు లేదు. దానికై పోతన భాగవతము నుండియు మొల్ల రామాయణము నుండియు రేఫాదిపద్యములను ఏఱి నేర్పవలసిన పని ఉపాధ్యాయులది.