జలాశయ పటములు - పడవలోని జీపీఎస్ యంత్రము

గ్రామ పెద్దలారా! హైదరాబాదు నగరమున మూసీ యొడ్డున అఫ్జల్‌గంజ్ అను పేట కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి ఆ ప్రాంతమును ముంచివేసెను. అచ్చటి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. అట్టి వరదలను అడ్డుటకై 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మించిరి. నీటి మట్టము నెఱుగుట ప్రాణములతోడి సంగతి యని ఆ పేట మనకు నేర్పినది. నేటి ప్రసంగమునకు కూడ ఆ పాఠమే మూలము.

ఇప్పుడు చేపలవేటకు పోవు పడవలలో జీపీఎస్ యంత్రములు వచ్చినవి. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతముల నందుకొని, పడవ యెచ్చట నున్నదో యంత్రము లెక్కకట్టి చెప్పును. అది చెప్పునది అంతవఱకే. నీటి క్రింద బండ యున్నదో, చెట్టుమొద్దు వలకు తగులునో చెప్పవలసినది అందులోని పటము. కావున సంఘము సొమ్ముతో కొనునపుడు యంత్రముకంటె పటమునే ముందు పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష: మన జలాశయము ఆ పటములో లోతులతో సహా కలదా? అనేక పటములలో సముద్రతీరమునకు లోతులుండును గాని, మన జలాశయము వట్టి నీలిమచ్చగా గనిపించును. అట్టి పటము ఒడ్డు చూపును గాని గండము చూపదు. పటపు కార్డు మన యంత్రమున పనిచేయునో లేదో కూడ అంగడిలోనే పెట్టించి చూడవలెను. ఒక కంపెనీ కార్డు వేఱొక కంపెనీ యంత్రమున పనిచేయకపోవచ్చును.

రెండవది: ఆ లోతులను ఏ మట్టమునుండి లెక్కించిరి? నాగార్జునసాగరు పూర్తి మట్టము 590 అడుగులు. ఆ మట్టమునుండి 55 అడుగుల లోతున బండ యున్నట్లు పటము చూపినదనుకొందము. నీరు 540 అడుగులకు తగ్గిననాడు ఆ బండపై నుండునది 5 అడుగుల నీరే. పటము నమ్మి మరపడవను వేగముగ నడపినచో గతి యేమి? నాటి మట్టమును యంత్రమున సరిదిద్దుకొను వీలున్న పటము మేలు. ఆ వీలు లేనిచో, బయలుదేఱుటకు ముందే తగ్గిన అడుగులను లెక్కవేసికొనవలెను.

మూడవది: కొలతలు ఏనాటివి? జలాశయములలో ఏటేట ఒండ్రు చేరును. శ్రీశైలము జలాశయము మొదట 308 టీ.ఎం.సీ.లు పట్టునది, తరువాతి సర్వేలో 215 టీ.ఎం.సీ.లుగా తేలినది. అడుగు అంతగా పూడినపుడు పాత లోతులు ఎట్లు నిజమగును?

నాలుగవది: పాత సర్వే పటములకును జీపీఎస్‌కును భూమి కొలత లెక్క యొక్కటి కాదు. పాత పటము నుండి గుర్తులను సరిదిద్దక ఎక్కించినచో మన ప్రాంతమున 100 గజములకు పైగా తప్పు రావచ్చును. అంత దూరమున ఒడ్డున నున్న రాయి నడినీటికి పోవును. అందుచేత ఎఱిగిన రేవున పడవ నిలిపి, పటములోని రేవుతో గుర్తు కలియునో లేదో చూచికొనుడు.

ఇట్టి పటము దొరకనిచో నిరాశ పడనక్కఱలేదు. శబ్దముతో లోతు కొలుచు సాధనము గల కొన్ని యంత్రములు పడవ తిరిగిన మేర తామే లోతురేఖలు గీయును. అంతకంటె సులభమైన మార్గమొకటి కలదు. వేసవిలో నీరు తగ్గినపుడు బయటపడిన బండలను, మొద్దులను, పాత గోడలను యంత్రములో గుర్తు పెట్టించుడు.

ఈ పని మీరు లేక సాగదు. జలాశయము నిండకముందు ఏ దిబ్బ యెచ్చట నుండెనో, ఏ బావి యెచ్చట నుండెనో ఎఱిగినవారు మీరే. ఆ జ్ఞాపకము మీతోనే పోయినచో ఏ అంగడిలోను కొన దొరకదు. ఒక్క వేసవి మీరు పడవలో కూర్చుండి చూపుడు. పడుచువారు గుర్తులు పెట్టుదురు. పటము పూర్తియైన పిదపను పడవలో గడకఱ్ఱ నుంచుడు. అనుమానము గల చోట దానితో లోతు చూచి ముందుకు సాగుడు.