రావిర్యాలకు సముద్రం ఒక్కటే తక్కువ

వేసవి సెలవులు దగ్గర పడితే మా ఇంట్లో మొదలయ్యే పేచీ ఒకటే. "తాతా, మా క్లాసులో అందరూ అండమాన్ పోతున్నరు, మాల్దీవులు పోతున్నరు. మనమెప్పుడు పోదాం?" అని మనవరాలు. "టికెట్ రేట్లు చూసినవా బిడ్డా?" అని వాళ్ళ నాన్న. ఇద్దరి నడుమ నాకు తోచే ఉపాయం అట్లాసు తియ్యడం.

మీరూ తియ్యండి. హైదరాబాద్‌కు దక్షిణాన, రింగు రోడ్డు ఒంపు దగ్గర రావిర్యాల ఉంటుంది. దాని మీద వేలు పెట్టి, పైకీ కిందికీ పోనివ్వకుండా నేరుగా పడమరకు జరపండి. అరేబియా సముద్రం దాటుతుంది. ఒమన్‌లోని సలాలాను రాసుకుంటూ పోతుంది. ఎర్ర సముద్రం, సూడాన్, చాద్, నైజర్, మాలి, మౌరిటానియా, ఆ తర్వాత అంతా అట్లాంటిక్ నీళ్ళు. ఆ నీళ్ళ ఆవలి అంచున వేలి కింద పడేవి ఏమిటో తెలుసా? ఆంటిగ్వా, సెయింట్ కిట్స్. వెస్టిండీస్ దీవులు. క్రికెటర్ వివియన్ రిచర్డ్స్ పుట్టిన ఊరూ మన రావిర్యాలా ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. రిచర్డ్స్, ఆండీ రాబర్ట్స్, కర్ట్లీ ఆంబ్రోస్ ముగ్గురూ 281 చదరపు కిలోమీటర్ల ఆంటిగ్వా అనే ఆ చిన్న దీవి వాళ్ళే. ఈ మాట చెబితే మనవరాలికి ఏమీ అనిపించలేదు గానీ వాళ్ళ నాన్న ఫోన్ పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు.

అంటే సూర్యుడి లెక్కలో మనమూ ఆ దీవుల వాళ్ళమూ ఒకటే. కర్కట రేఖ 23న్నర డిగ్రీల దగ్గర ఉంది. దానికీ భూమధ్య రేఖకూ నడుమ ఉన్న వాళ్ళందరికీ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. మనకు మే 9 చుట్టుపక్కల ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. మే నెలలో అయితే ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో వాకిట్లో ఒక సీసా నిలబెట్టి చూడండి. నీడ సీసా అడుగుకు దూరిపోయి, బయట చుక్కంత కూడా కనబడదు. ఢిల్లీలో ఎంత ఎండ కాసినా ఈ వింత జరగదు, ఆ ఊరు కర్కట రేఖకు పైన ఉంది కాబట్టి.

సూర్యుడు ఒకటే అయినప్పుడు ఎండా ఒకటే కావాలి కదా? కాదు. మే నెలలో ఆంటిగ్వాలో మధ్యాహ్నం 30 డిగ్రీలు ఉంటే వాళ్ళు అబ్బా ఎండ అంటారు. మనకు 40 దాటుతుంది. చలికాలం రాత్రి కూడా అక్కడ 22 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. మన రంగారెడ్డి జిల్లాలో చలిగాలులు వీచే రాత్రి 10 డిగ్రీలకూ దిగుతుంది. అక్కడ దుప్పటితో గానీ కూలర్‌తో గానీ పని లేదు, మనకు రెండూ అటక మీద ఉండాలి.

తేడా అంతా చుట్టూ ఏముందన్న దాంట్లోనే ఉంది. వాళ్ళ చుట్టూ నీళ్ళు. మన చుట్టూ బండలు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, దాంట్లో అయిదో వంతు పెడితే చాలు, కిలో నల్లరాయి డిగ్రీ వేడెక్కుతుంది. దీన్నే పుస్తకంలో విశిష్టోష్ణం అంటారు. అంతటితో అయిపోలేదు. సముద్రంలో ఎండ పది మీటర్ల లోతుకూ దిగుతుంది, అలలు ఆ వేడిని ఇంకా కిందికి కలిపేస్తాయి. బండలో ఒక్క రోజు ఎండ దిగేది జానెడు లోతుకే. మీద పడ్డ వేడంతా ఆ జానెడులోనే ఇమడాలి. ఇంకేం, కాలు మోపలేం.

ఇది నమ్మకపోతే రావిర్యాల చెరువు కట్ట మీదికి వెళ్ళండి. నీళ్ళున్న ఏడాది వెళ్ళాలి సుమా. మే నెలలో సాయంత్రం ఆరింటికి కట్ట రాళ్ళ మీద అరచెయ్యి ఆనించండి, అరచెయ్యి చురుక్కుమంటుంది. అదే చెయ్యి నీళ్ళలో పెట్టండి, గోరువెచ్చగా ఉంటాయి. మళ్ళీ తెల్లవారుజామున అయిదింటికి అదే చోట అదే పని చెయ్యండి. రాయి చల్లబడి ఉంటుంది, నీళ్ళే దానికంటే వెచ్చగా ఉంటాయి. పదకొండు గంటల్లో రాయి తాను సంపాదించిందంతా ఆకాశానికి ఇచ్చేసింది, నీరు ఇవ్వలేదు. ఆంటిగ్వా వాతావరణం మొత్తం ఈ రెండు తాకుళ్ళలో ఉంది. థర్మామీటర్ కూడా అక్కర్లేదు.

కట్ట మీదికి ఎలాగూ వెళ్ళారు కాబట్టి నీటి కాకులను కూడా చూసి రండి. నల్లగా ఉండి, నీళ్ళలోంచి తేలిన గుండు మీద రెక్కలు బార్లా చాపుకుని కూర్చుంటాయి. బాతు ఈక తడవదు. నీటి కాకి ఈక కొంత తడుస్తుంది. తడిస్తేనే ఒళ్ళు బరువెక్కి చేప వెంట లోతుకు మునగగలదు. మునిగి తిన్నాక ఆరబెట్టుకోవాలి, అందుకే ఆ కూర్చోవడం. ఆ గుండు వయసు అడిగితే మాత్రం దీవుల వాళ్ళు సిగ్గుపడాలి. కరీబియన్ దీవులు చాలా మటుకు అగ్నిపర్వతాలు పోసిన నేల, వాటి వయసు కొన్ని కోట్ల ఏళ్ళు. మన గ్రానైటు వయసు దగ్గర దగ్గర 250 కోట్ల ఏళ్ళు.

ఇక పిల్లలు అసలు ఎదురుచూసే చోటికి వద్దాం. రావిర్యాలలో వండర్‌లా పార్కు 2016 ఏప్రిల్‌లో తెరిచారు. కొచ్చి, బెంగళూరు తర్వాత వాళ్ళకిది మూడోది. మన ఇళ్ళలో ఫ్రిజ్ పక్కన గోడకు వేలాడే వీ-గార్డ్ స్టెబిలైజర్ ఉంది చూశారా, ఆ కంపెనీ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలపిళ్ళి గారే ఈ పార్కులనూ మొదలుపెట్టింది. సముద్రానికి ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో, ఈ బండల నడుమ, అక్కడొక వేవ్ పూల్ ఉంది. నా మటుకు నాకు ఆ పార్కులో చూడదగ్గది అదే.

సముద్రంలో అలలు పుట్టించేది గాలి. ఇలాంటి చాలా పూల్స్‌లోనూ పని చేసేది గాలే. లోతు వైపు గోడ వెనక గదులుంటాయి. పెద్ద బ్లోయర్లు ఆ గదుల్లోకి గాలి కొట్టి నీటిని కిందికి నొక్కుతాయి, వదిలేస్తాయి, మళ్ళీ నొక్కుతాయి. గోడ కింది సందులోంచి ఆ కుదుపు పూల్‌లోకి వచ్చి అలగా బయల్దేరుతుంది. సైరన్ మోగగానే పిల్లలంతా కేరింతలు కొడతారు. మీరు మాత్రం ఒక్క నిమిషం కేరింత ఆపి, లోతు వైపున ట్యూబు మీద ఉన్నవాళ్ళను చూడండి. అల వాళ్ళ కిందికి వస్తుంది. ట్యూబు లేస్తుంది, కాస్త ముందుకు వస్తుంది, దిగుతుంది, కాస్త వెనక్కి పోతుంది. అల దాటిపోయాక చూస్తే దాదాపు ఉన్నచోటే ఉంటుంది. గాలి వీచినప్పుడు వరి చేను మీద ఒక ఊపు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది, మొక్క మాత్రం తన పాదులోంచి కదలదు. ఇదీ అంతే. ప్రయాణం చేసేది ఊపు, నీళ్ళు కాదు.

ఒడ్డుకు వచ్చేసరికి కథ మారుతుంది. తక్కువ నీళ్ళలో అల వేగం లోతును బట్టి ఉంటుంది. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 1.6 మీటర్ల లోతులో సెకనుకు 4 మీటర్లు. 40 సెంటీమీటర్ల లోతులో 2 మీటర్లే. పూల్ అడుగు వాలుగా కట్టేది ఇందుకే. ముందు వచ్చిన అల నెమ్మదిస్తుంది, వెనకది ఇంకా వేగంగా వస్తుంది, రెంటి మధ్య జాగా తగ్గి నీళ్ళు పైకి లేవాల్సి వస్తుంది. అల ఎత్తు అక్కడి లోతులో అయిదింట నాలుగు వంతులకు చేరేసరికి, ఇక నిలబడలేక విరిగి నురగై మోకాళ్ళ మీద పడుతుంది.

ఇదే లెక్కను నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రానికి వేసి చూడండి. గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపంతో లేచిన సునామీ ఇంచుమించు అంత వేగంతోనే బంగాళాఖాతం దాటి, రెండు మూడు గంటల్లో మన కోస్తాను తాకింది. ఒడ్డుకు వచ్చి నెమ్మదించింది, నెమ్మదించినందుకే అంత ఎత్తు లేచింది. లిటిల్ అండమాన్‌లో ఉండే ఓంగే ఆదివాసులు సముద్రం వెనక్కి తగ్గడం చూడగానే మెరక మీదికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్ళకు వర్గమూలం తెలియదు, సముద్రం తెలుసు.

పూల్ నుంచి బయటికి రాగానే పిల్లలు గజగజ వణుకుతారు. బయట 40 డిగ్రీల ఎండ! ఇదెక్కడి విడ్డూరం? ఒక గ్రాము నీళ్ళను సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము నీరు ఒంటి మీద ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీలు కావాలి. ఆ వేడిలో చాలా మటుకు ఒంట్లోంచే లాక్కుంటుంది. 30 కిలోల పిల్ల ఒంటి మీద నలభై గ్రాములకు కాస్త పైన నీరు ఆరి, ఆ వేడంతా ఒంటిదే అయితే, ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడిపోతుంది. ఒళ్ళు ఊరుకోదు, కండరాలను ఆడించి వేడి పుట్టించుకుంటుంది. వణుకంటే అదే. రంజన్‌లో నీళ్ళు చల్లబడేదీ, కూలర్ పని చేసేదీ ఈ లెక్కతోనే.

ఇక్కడ మాత్రం దీవుల వాళ్ళ కంటే మనదే పైచెయ్యి. మే మధ్యాహ్నం మన గాలిలో తేమ 30 శాతానికి దిగువకు పడడం మామూలే. సముద్రపు ఒడ్డున 60, 70 ఉంటుంది. అప్పటికే తడిసి ఉన్న గాలి ఇంకా తడిని తీసుకోదు, చెమట ఆరదు. విశాఖపట్నంలో మా చుట్టాలింట్లో కూలర్ పెట్టుకుంటే ఉక్క ఇంకా ఎక్కువైంది గానీ తగ్గలేదు.

మిగతా రైడ్ల గురించి పెద్దగా చెప్పను, ఒక్క మాట తప్ప. రోలర్ కోస్టర్ పెట్టెలకు ఇంజిన్ ఉండదు. గొలుసో తాడో పైకి లాగి వదిలేస్తుంది, మిగతా పనంతా భూమిదే. పది మీటర్లు దిగితే గంటకు 50 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆ వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు రెట్టింపైతే చాలదు, నాలుగింతలు కావాలి. ఇది మనవరాలు నమ్మలేదు. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూసుకుని, అప్పుడు ఒప్పుకుంది.

చివరగా, ఈ ఒక్కటీ తాత మాటగా వినండి. ఈ చుట్టుపక్కల రాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు చాలా ఉన్నాయి. వాన నీళ్ళు నిండి నీలంగా, అచ్చం దీవుల ఫోటోల్లో లాగే కనబడతాయి. వేవ్ పూల్‌కు వాలు ఉంది, ఒడ్డు నుంచి లోపలికి నడుస్తూ పోతే ఎక్కడ ఆగాలో కాళ్ళకే తెలుస్తుంది. క్వారీ గోడ నిలువునా కోసింది, ఒక అడుగు దాటితే ఇరవై అడుగుల లోతు ఉండొచ్చు. ఎక్కి వద్దామంటే పట్టు దొరకదు. వేసవిలో పైన మూరెడు నీళ్ళు గోరువెచ్చగా ఉండి ఆశ పెడతాయి. తేలికైన వెచ్చటి నీరు పైనే ఉండిపోయి, కింద చల్లటి నీరు అలాగే ఉంటుంది. దూకిన వాడు ఆ చలి తగలగానే ఊపిరి ఎగబీలుస్తాడు, నోట్లోకి పోయేది నీరు. ఏటా వేసవి సెలవుల్లో పేపర్లో వచ్చే ఆ వార్త మీకు తెలియంది కాదు. కట్ట మీద నుంచి చూడండి, పూల్‌లో ఆడండి, క్వారీలో మాత్రం దిగకండి. ఈత వచ్చినా సరే.