తుప్పు కింద చరిత్ర: కోల్‌కతా పాత ఇంగ్లీషు సైకిళ్ల శాస్త్రం

కోల్‌కతా ఉత్తర ప్రాంతంలోని పాత ఇళ్లలో మెట్ల కింద ఇప్పటికీ అక్కడక్కడా ఒక నల్లటి సైకిలు కనిపిస్తుంది. హేండిల్ కింద తీగలకు బదులు ఇనుప కడ్డీల బ్రేకులు, తోలు సీటు, చైను మొత్తాన్ని కప్పేసే డబ్బా, ముందు గొట్టం మీద రంగు వెలిసిన ఇత్తడి బిళ్ల దాని గుర్తులు. పాత ఇనుప సామాన్లవాడికి అది తూకానికి వచ్చే 20 కిలోల ఇనుము. పాత సైకిళ్లు సేకరించేవారికి మాత్రం అదొక పత్రం లాంటిది. ఎక్కడ, ఎప్పుడు, ఏ పద్ధతిలో తయారైందో దాని లోహంలోనే రాసి ఉంటుంది. ఆ రాతను చదవాలంటే కొంత చరిత్ర, కొంత యంత్రశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం తెలియాలి. తెలియకుండా మరమ్మతుకు దిగితే ఆ రాత ఒక్క పూటలో చెరిగిపోతుంది.

శాస్త్రవేత్తలు నేర్చుకున్న సవారీ

ఈ నగరంలో సైకిలుకు, విజ్ఞానశాస్త్రానికి పాత చుట్టరికమే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో సైకిళ్ల దుకాణం తెరిచిన తొలి భారతీయ వ్యాపారుల్లో హేమేంద్ర మోహన్ బోస్ ఒకరు. ‘కుంతలీన్’ తలనూనెతోనూ, గ్రామఫోను రికార్డులతోనూ పేరు తెచ్చుకున్న ఆయన జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్, డాక్టర్ నీలరతన్ సర్కార్‌లకు సైకిలు తొక్కడం నేర్పారని చెబుతారు. 1926 డిసెంబరులో బిమల్ ముఖర్జీ ముగ్గురు మిత్రులతో కలిసి ఇదే నగరం నుంచి సైకిలు మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఆయన తిరిగి ఇల్లు చేరింది 1937లో.

ఆ కాలపు సైకిళ్లలో ఎక్కువ భాగం ఓడల మీద ఇంగ్లండు నుంచి వచ్చినవే. నాటింగ్‌హామ్ నుంచి రాలీ, బర్మింగ్‌హామ్ నుంచి బీఎస్ఏ, హెర్క్యులస్, ఫిలిప్స్ వచ్చేవి. స్వాతంత్ర్యం వచ్చాక దృశ్యం మారింది. దిగుమతి వ్యాపారంలో ఉన్న కలకత్తా సంస్థ ‘సేన్ అండ్ పండిట్’కు చెందిన సుధీర్ కుమార్ సేన్ రాలీతో చేతులు కలిపారు. 1950ల మొదట్లో అసన్సోల్ దగ్గర కన్యాపూర్‌లో ‘సేన్-రాలీ’ కర్మాగారం మొదలైంది. దక్షిణాదిన 1949లో మద్రాసు శివార్లలోని అంబత్తూరులో టీఐ సైకిల్స్ సంస్థ ఏర్పడి హెర్క్యులస్ సైకిళ్లు తయారుచేసింది. తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే ‘ర్యాలీ సైకిలు’, ‘హెర్క్యులస్ సైకిలు’ ఈ రెండు దారుల్లో దేనిగుండానైనా వచ్చి ఉండవచ్చు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పేరు ఒకటే, నమూనా ఒకటే. పుట్టిన చోటు మాత్రం వేరు.

బిళ్లను నమ్మవచ్చా?

ముందు గొట్టం మీద ఉండే బిళ్లను చూసి సైకిలు వయసు, ఊరు తేల్చేయడం తొలి పొరపాటు. బిళ్లను రెండు చిన్న మేకులతో బిగిస్తారు. దాన్ని ఊడదీసి మరో సైకిలుకు తగిలించడం చాలా తేలిక. పైగా బ్రిటన్‌లోనే కంపెనీలు చేతులు మారాయి. హంబర్ 1932లో, రడ్జ్-విట్‌వర్త్ 1943లో, బీఎస్ఏ సైకిళ్ల విభాగం 1957లో రాలీ చేతికి వచ్చాయి. 1960లో ఫిలిప్స్, హెర్క్యులస్ కూడా అదే గొడుగు కిందికి చేరాయి. అంటే బీఎస్ఏ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ సైకిలు బర్మింగ్‌హామ్‌దే అనుకోవడానికి వీల్లేదు.

అందుకే అనుభవజ్ఞులు బిళ్ల కంటే తేలిగ్గా మార్చలేని భాగాలను చూస్తారు. పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం వాటిలో మొదటిది. రాలీ పళ్లచక్రంలో మూడు కొంగ తలలు కనిపిస్తాయి. హంబర్‌లో వరుసగా నిలిచిన ఐదుగురు మనుషుల బొమ్మలు, రడ్జ్‌లో అరచెయ్యి ఉంటాయి. హంబర్ ముందు ఫోర్కులో ఒక్కో వైపు ఒక గొట్టానికి బదులు రెండేసి సన్నని గొట్టాలు ఉంటాయి. బీఎస్ఏ గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. ఆ కంపెనీ పుట్టుక తుపాకుల తయారీతోనే కదా!

తర్వాత చక్రాలు. పాత ఇంగ్లీషు పద్ధతిలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి. బరువంతా వెనక పడుతుంది కాబట్టి ఈ పంపకం. కడ్డీ బ్రేకుల సైకిళ్లకు 28 అంగుళాల రిమ్ము సాధారణం. దాని మీద టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. కాస్త తేలికైన 26 అంగుళాల రకానికి అది 590 మిల్లీమీటర్లు. టేపుతో కొలిస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం మరల్లో దాగి ఉంటుంది. పెడళ్ల ఇరుసును పట్టి ఉంచే కప్పులకు బ్రిటిష్ ప్రమాణం ప్రకారం అంగుళానికి 24 మరలు ఉండాలి. నాటింగ్‌హామ్ రాలీ తన సొంత లెక్కతో 26 మరలు కోసింది. ఒక మరకూ మరో మరకూ మధ్య దూరం మొదటి రకంలో 1.06 మిల్లీమీటర్లు, రెండో రకంలో 0.98 మిల్లీమీటర్లు. కంటికి తేడా ఆనదు. 24 మరల కప్పును 26 మరల ఫ్రేములో తిప్పితే మొదటి చుట్లు ఎక్కుతాయి. కానీ ప్రతి చుట్టుకూ 0.08 మిల్లీమీటరు తేడా పోగవుతుంది. ఆరు చుట్లకు అది అర మిల్లీమీటరు, అంటే దాదాపు సగం మర. అక్కడ కప్పు బిగుసుకుపోతుంది. పెద్ద స్పానర్‌తో బలవంతం చేస్తే ఫ్రేములోని మరలే చెదిరిపోతాయి. 70 ఏళ్లు నిలిచిన ఫ్రేము ఒక్క తిప్పుతో పాడయ్యేది ఇలాగే. మర బిగుసుకుంటే ఆపి, మర కొలిచే గేజితో చూడటం ఈ పనిలో మొదటి నియమం.

ఇరుసులో తేదీ

వెనక చక్రం నడుమ లావైన డబ్బా లాంటి హబ్బు, పక్క నుంచి బయటికి వచ్చే చిన్న గొలుసు ఉంటే అది స్టర్మీ-ఆర్చర్ గేరు కావచ్చు. 1902లో మొదలైన ఈ సంస్థ 1930ల చివరి నుంచి తయారుచేసిన ‘ఏడబ్ల్యూ’ అనే మూడు గేర్ల హబ్బు ప్రపంచమంతా తిరిగింది. సేకర్తలకు అది వరం. ఎందుకంటే హబ్బు మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. 54, 8 అనే అంకెలుంటే 1954 ఆగస్టు అని అర్థం. అయితే ఆ తేదీ హబ్బుది మాత్రమే. చక్రం మార్చి ఉంటే ఫ్రేము వయసు వేరుగా ఉండవచ్చు. అందువల్ల హబ్బు తేదీ, ఫ్రేము సంఖ్య, పళ్లచక్రం, మరల లెక్క ఒకదానికొకటి పొసిగితేనే నిర్ధారణకు రావాలి.

ఆ హబ్బు లోపల జరిగేది సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరగడం లాంటిదే. నడుమ ఇరుసుకు అతుక్కుని కదలని 20 పళ్ల ‘సూర్య’ చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న ‘గ్రహ’ చక్రాలు, వాటిని చుట్టి 60 పళ్ల వలయం ఉంటాయి. చైను బలం వలయానికి చేరి, గ్రహ చక్రాల చట్రం హబ్బును తిప్పితే వేగం 60/80, అంటే మూడొంతుల పాళ్లకు తగ్గుతుంది. ఎత్తు ఎక్కడానికి అది అనుకూలం. బలం చట్రానికి చేరి వలయం హబ్బును తిప్పితే వేగం 80/60, అంటే మూడింట ఒక వంతు పెరుగుతుంది. నడిమి గేరులో చైను చక్రం ఒక చుట్టు తిరిగితే హబ్బూ ఒక చుట్టే తిరుగుతుంది. గొలుసు బిగింపు సరిగా లేకపోతే రెండో గేరుకు, మూడో గేరుకు మధ్య ఏదీ పట్టని ఖాళీ వస్తుంది. పెడల్ ఒక్కసారిగా జారిపోతుంది. చాలామంది గేరు చెడిపోయిందని చక్రమే మార్చేస్తారు. నిజానికి గొలుసు కాస్త సరిచేసి, హబ్బు మీది చిన్న మూత తెరిచి నాలుగు చుక్కల పలుచని యంత్రనూనె వేస్తే చాలాసార్లు సరిపోతుంది. వంటనూనె మాత్రం వేయకూడదు. అది గాలి తగిలి కాలక్రమేణా జిగురుగా మారి లోపలి చిన్న మరతాళ్లను అంటించేస్తుంది.

ముందు చక్రంలో ‘డైనోహబ్’ ఉంటే మరో జాగ్రత్త కావాలి. ఇది చక్రం నడుమనే అమర్చిన 6 వోల్టుల డైనమో. లోపలి అయస్కాంతాన్ని దాని ఇనుప మధ్యభాగం నుంచి వట్టిగా బయటికి లాగితే, అయస్కాంత క్షేత్రానికి ఇనుప దారి తెగిపోయి అది బలహీనపడుతుంది. దీపం ఇక ఎప్పటికీ గుడ్డిగానే వెలుగుతుంది.

కోల్‌కతా గాలిలో ఇనుము

ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనపడని నీటి పొర నిలిచి తుప్పు వేగం పెరుగుతుంది. వానాకాలంలో కోల్‌కతా సగటు ఆర్ద్రత 80 శాతం పైమాటే. మెట్ల కింద గాలి ఆడని చోట పెట్టిన సైకిలు వాన తగలకపోయినా తుప్పు పట్టేది అందుకే. మచిలీపట్నం, కాకినాడ వంటి మన తీర పట్టణాల్లో ఉప్పు గాలి దీనికి మరింత ఆజ్యం పోస్తుంది.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సీటు గొట్టం, కాటర్ పిన్ను కదలకుండా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. సుత్తితో బాదడం కంటే చొచ్చుకుపోయే నూనె పోసి ఒక రోజు ఆగడం మేలు. అప్పటికీ రాకపోతే బయటి గొట్టాన్ని మెల్లగా వేడి చేస్తారు. 25 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం 100 డిగ్రీల వేడికి 0.03 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. తుప్పు పట్టును విడదీయడానికి ఆ మాత్రం చాలు. రంగు కాలకుండా చూసుకోవాలి.

మెరిసే క్రోమ్ పూతకు ఒక రహస్య బలహీనత ఉంది. క్రోమ్ పొర చాలా పలుచన. దాని కింద నికెల్, ఆ కింద ఉక్కు. సూది మొనంత రంధ్రం పడినా తేమ లోపలికి చేరి ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. అందులో బలయ్యేది ఉక్కే. పైన గోధుమ రంగు చుక్కలు కనిపించేసరికి లోపల గుంటలు పడి ఉంటాయి. తొలి దశలోనైతే అల్యూమినియం రేకును నీటిలో తడిపి రుద్దితే చుక్కలు పోతాయి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, కాబట్టి పూత మీద గీతలు పడవు.

చింతపండు నుంచి ఆక్సాలిక్ ఆమ్లం దాకా

ఇత్తడి చెంబును చింతపండుతో తోమినప్పుడు ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తుప్పు విషయంలో ఆక్సాలిక్ ఆమ్లం అదే పని మరింత చక్కగా చేస్తుంది. అది ఇనుప ఆక్సైడుతో కలిసి నీటిలో కరిగే సమ్మేళనంగా మారుతుంది. మంచి ఇనుమును మాత్రం పెద్దగా తినదు. పలుచని ద్రావణంలో విడి భాగాలను నానబెట్టి, తరచుగా చూస్తూ ఉండాలి. ఎక్కువసేపు వదిలేస్తే లోహం మీద పసుపు పొడి పేరుకుంటుంది. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పూయాలి. ఈ ఆమ్లం విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లలకు అందని చోట ఉంచాలి.

పాత రంగును పొడిగా గీకడం మరో ప్రమాదం. ఆనాటి రంగుల్లో, ముఖ్యంగా ఎర్రటి అడుగు పూతలో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ ధూళి పీల్చకూడదు. తడి గరుకు కాగితంతోనే రుద్దాలి. కనబడని చోట రూపాయి బిళ్లంత మేర మెల్లగా అరగదీస్తే, చెట్టు మొద్దులో వలయాల్లా రంగు పొరలు ఒకదాని కింద ఒకటి బయటపడతాయి. అసలు రంగేదో, ఎన్నిసార్లు రంగు మార్చారో అక్కడ తెలిసిపోతుంది.

తోలు సీటుకు నీళ్లు శత్రువు. తడిస్తే తోలులోని కొల్లాజెన్ పోగులు ఉబ్బుతాయి. ఎండలో పెడితే ఒక్కసారిగా కుంచించుకుపోయి పగుళ్లిస్తాయి. నీడలోనే ఆరనిచ్చి, తోలు మైనం పలుచగా రాయాలి.

ఎంత బాగుచేస్తే బాగు?

కొత్త రంగు, కొత్త క్రోమ్, కొత్త స్టిక్కర్లతో పాత సైకిలు పెళ్లికొడుకులా తయారవుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ మెరుపు కోసం ఫ్రేమును అరగదీసినప్పుడు దాని మీద ముద్రించిన సంఖ్య సన్నబడిపోతుంది. చేత్తో గీసిన బంగారు గీతలు, నాటింగ్‌హామ్ అని రాసిన పాత ముద్ర, దుకాణందారు అంటించిన చిన్న రేకు పోతాయి. రంగు మళ్లీ వేయవచ్చు. పోయిన ముద్రను మళ్లీ తేలేం. అందుకే పాత వస్తువుల సంరక్షకులు పాటించే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. ముందు ఫొటోలు తీయాలి, సంఖ్యలు రాసుకోవాలి, తుప్పును ఆపాలి, నడిచేలా చేయాలి. మార్చిన పాత భాగాన్ని పారేయకుండా చీటీ కట్టి దాచాలి.

నడిచేలా చేయడంలోనూ ఒక హెచ్చరిక ఉంది. కడ్డీ బ్రేకు దిమ్మలు రిమ్ము లోపలి అంచును నొక్కుతాయి. క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే రాపిడి బాగా తగ్గిపోయి సైకిలు చాలా దూరం వెళ్లి గానీ ఆగదు. బెంటింక్ స్ట్రీట్‌లోని సైకిలు దుకాణాల నుంచి కొత్త దిమ్మలు తెచ్చి బిగించినా, వానలో మెల్లగా తొక్కడమే దారి.

మన ఊళ్లలోనూ తాతగారి సైకిలు అటక మీదో, పశువుల పాకలోనో ఉండే ఉంటుంది. దాన్ని తూకానికి వేసే ముందు ఒక తడిగుడ్డ, ఒక టార్చిలైటు తీసుకుని సీటు కింది గొట్టం మూల, వెనక హబ్బు తుడిచి చూడటానికి పది నిమిషాలు పట్టదు. అక్కడ కనిపించే నాలుగు అంకెలే ఆ సైకిలు జన్మపత్రం.